ఎడిటరులందలి తొలి యేర్పాటులు – వాని వివరణము



నేటి ప్రసంగవిషయము పేరు వినినంతనే, ఇది కుఱ్ఱవాండ్ర గొడవ, మనకేల యని రేడియో కట్టివేయబోకుడు. ముప్పదియైదేండ్లు బడిలో పాఠములు చెప్పి, చిన్ననాట గురువుగారి యరుగుమీద శబ్దములు వల్లెవేసిన నాబోటివానికే ఈ వయస్సున నిందు ఆసక్తి కలిగినది. అందులకు కారణము నాకు కలిగిన యొక నష్టము. అది చెప్పుటకు ముందు ఒక మాటకు అర్థము చెప్పవలసియున్నది.

మీరు సెల్ ఫోను కొన్ననాడు దానిలో నొక గంట మ్రోగెను గదా. ఆ గంటను మీరు కోరలేదు. చేసినవారే ముందుగా నుంచిరి. మార్చుకొనవచ్చును, కాని మనలో నెందఱు మార్చుకొంటిమి? సంతలో నొక ఫోను మ్రోగిన పదిమంది జేబులు తడుముకొనుటయే యిందుకు సాక్ష్యము. ఇట్లు వాడువాడు నోరు విప్పకమునుపే యంత్రమునందు నిలిచియుండు తొలి యేర్పాటును డిఫాల్టు అందురు. వ్యాకరణము చదివినవారికి ఈ సంగతి క్రొత్తగాదు. సామాన్యవిధిని ఉత్సర్గమనియు, ఒకానొక చోట దానిని త్రోసివేయు విశేషవిధిని అపవాదమనియు అందుము. పుస్తకము పుస్తకములు అన్నట్లు ‘లు’ చేర్చుట సామాన్యము. పన్ను అను మాట పండ్లు అగుట విశేషము. డిఫాల్టు ఉత్సర్గము, మనము మార్చుకొన్నది అపవాదము. ఈ పోలికను జ్ఞాపకముంచుకొనుడు. మఱల దీనితో పని పడును.

ఇక ఎడిటరు అనగా కంప్యూటరులో అక్షరములు వ్రాయుటకు, వ్రాసినది దిద్దుటకు ఉపయోగపడు సాధనము. బొమ్మలు, గుండీలు ఏమియు లేక, తెరమీద అక్షరములు మాత్రమే నడచు చోటును టెర్మినల్ అందురు. ఎక్కడో దూరదేశమునందున్న కంప్యూటరును తమ యింటినుండి చక్కబెట్టువారు నేటికిని తఱచుగా ఈ టెర్మినల్ ద్వారముననే లోపలికి పోవుదురు. అందుచేత అక్కడ పనిచేయు ఎడిటరులు పాతబడియు పోలేదు.

వానిలో పేరెన్నికగన్నది ‘వీ ఐ’ అనునది. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ శాఖలో విద్యార్థిగా నుండిన బిల్ జాయ్ అను నాతడు 1976 ప్రాంతమున దీనిని వ్రాయ మొదలిడెను. ఆతని బల్లమీద నుండిన టెర్మినల్ పేరు ఏ.డి.ఎమ్. 3ఏ. దాని కీబోర్డుమీద బాణపు గుర్తులకు వేఱు మీటలు లేవు. హెచ్, జె, కె, ఎల్ అను నాలుగు అక్షరముల మీటలమీదనే బాణములు ముద్రింపబడియుండెను. అందుచేత ఎడమకు, క్రిందికి, పైకి, కుడికి జరుగుటకు ఆతడు ఆ నాలుగక్షరములనే యేర్పఱచెను. ఆ టెర్మినల్ నేడు వస్తుప్రదర్శనశాలలకు చేరినది. ఆ నాలుగక్షరముల యేర్పాటు మాత్రము నేటికిని నిలిచియున్నది. ఆనాడు టెలిఫోను తీగెమీద సెకనునకు ముప్పది యక్షరములు వచ్చుటయే గొప్ప. కావున ఆ యెడిటరు మితభాషి యయ్యెను. మన సూత్రకారులు అర్ధమాత్రకై పాటుపడినట్లు ఆతడును ఒక్కొక్క యక్షరమునకై పాటుపడెను. అది ఆనాటికి దోషము కాదు.

ఈ యెడిటరునకు రెండవస్థలు గలవు. ఒకదానియందు మనము కొట్టిన అక్షరము కాగితముమీద పడును. రెండవదానియందు కొట్టిన అక్షరము ఆజ్ఞ యగును. దీనిని బడిపోలికతో చెప్పుదును. మేము డిక్టేషను చెప్పునపుడు “శ్రీరాముడు అడవికి వెళ్లెను” అందుము. అది పిల్లలు వ్రాయవలెను. నడుమ “పుట త్రిప్పుడు” అందుము; అది వ్రాయరాదు, చేయవలెను. నా తరగతిలో ప్రతి సంవత్సరమును ఒక్క పిల్లవాడైనను “పుట త్రిప్పుడు” అని కూడ వ్రాసెడివాడు. వానిని చూచి మేము నవ్వెడివారము. వానికి జరిగినదే తిరుగవేసి నాకు జరిగినది.

మా యూరి చెఱువు క్రింది ఆయకట్టు పట్టీ నొకదానిని నేను కంప్యూటరు కెక్కింప బూనితిని. సర్వే నంబరు, ఎకరములు, సెంట్లు, రైతు పేరు – ఇట్లు వరుసకొక భూమి. పేర్లు ఇంగ్లీషు అక్షరములలోనే కొట్టితిని. మనుమడు తన కంప్యూటరు నిచ్చి, వీ ఐ సంతతిలోని ‘విమ్’ అను ఎడిటరును తెఱచి, ‘ఐ’ అను అక్షరమును నొక్కి పెట్టి కళాశాలకు పోయెను. రెండు పూటలు సుఖముగా సాగినది. మూడవ పూట ఎఱుగకయే మూలనున్న ఎస్కేప్ మీటను తాకితిని గాబోలు. 12 అను సర్వే నంబరు కొట్టి, దాని యుపవిభాగమును తెలుపు ‘డి’ అను అక్షరమును కొట్టితిని. తెరమీద ఏమియు పడలేదు. మీట సరిగా నొక్కలేదేమో యని మఱల ‘డి’ కొట్టితిని. పండ్రెండు వరుసలు ఒక్కమాఱుగ మాయమయ్యెను!

ఆ యెడిటరు తప్పేమియు చేయలేదు. పండ్రెండు, డి, డి అనగా దాని భాషలో “పండ్రెండు వరుసలు తీసివేయుము” అని యర్థము. నేను వ్రాయుచున్నా ననుకొంటిని. అది నా యాజ్ఞ వినుచున్నది. వెలుపలికి వచ్చుటయు తెలియలేదు. కనబడిన మీటలన్నియు నొక్కి, తుదకు బల్లక్రింద చేయిపెట్టి కరెంటు తీసివేసితిని. మడి దున్ని, విత్తి, నాటిన రైతుకు వడగండ్లు పడిననాడు ఎట్లుండునో ఆ సాయంకాలము నాకట్లుండెను.

రాత్రి మనుమడు వచ్చెను. “తాతయ్యా, మీరు డి నొక్కినపుడు తెర యడుగున కుడివైపు మూలను 12, డి అని చిన్నగా కనబడి యుండును, చూడలేదా?” అనెను. చూడలేదు. అట్లు అరకొర ఆజ్ఞను మూలను చూపుట యొక తొలి యేర్పాటు, నావంటివానికై యుంచినదే, కాని అక్కడ చూడవలెనని నాకెవరును చెప్పలేదు. ఏర్పాటు మంచిదైనను వివరణ దగ్గఱ లేనిచో అది లేనట్లే.

మఱియొక యేర్పాటు నన్ను రక్షించెను. విమ్, మనము భద్రపఱుపుమని చెప్పకున్నను, రెండువందల యక్షరములు కొట్టినంతనే గాని, నాలుగు సెకనులు చేయి నిలిపినంతనే గాని, మన వ్రాతకు ఒక చాటునకలు తీసి వేఱొక దస్త్రమున నుంచును. దానిని స్వాప్ దస్త్రమందురు. కరెంటు పోయినను అది మిగులును. మనుమడు దానినుండి నా మూడవ పూట పనిని వెలికి తీసెను. పోయిన పండ్రెండు వరుసలు అందులో లేవు గాని, అవి క్రిందటి పూట భద్రపఱచిన మూలములో నుండెను. మూలమును నకలును ప్రక్కప్రక్కన నుంచి పోల్చి చూపు ఆజ్ఞ యొకటి కూడ అందు సిద్ధముగా నుంచబడియున్నది. తాళపత్రప్రతులు రెండు ముందుంచుకొని పాఠభేదములు గుర్తించు పండితునివలె వాడు రెంటిని కలిపి నా పట్టీని నిలబెట్టెను. ఈ స్వాప్ ఏర్పాటును నేనెన్నడును కోరలేదు. ఉన్నదనియు ఎఱుగను. తొలి యేర్పాటు ఎవరికొఱకో యిప్పుడు తెలియుచున్నది గదా: అడుగుటకైన తెలియనివాని కొఱకు.

అయితే ఆ దస్త్రమును మఱల తెఱచినపుడు తెరనిండ వచ్చిన హెచ్చరిక యున్నదే, అది నేనొక్కడనే యుండగా వచ్చియున్నచో మఱల కరెంటు తీసియుందును. దస్త్రము పేరు, తేదీలు, ఇది రెండు కారణములచేత జరిగియుండవచ్చు ననుట, ఆపైన అయిదాఱు దారులు – చదువనైన, దిద్దనైన, వెలికితీయనైన, మానుకొననైన. అంతయు సత్యమే. కాని మునుగుచున్నవానికి మొదట త్రాడు వేయవలెను. ఏటిలోతు తరువాత చెప్పవచ్చును.

అప్పటినుండి ఈ విమ్ చరిత్ర కొంత తెలిసికొంటిని. దీనిని వ్రాసినవాడు హాలండు దేశీయుడు బ్రామ్ మూలెనార్. 1991లో మొదట వెలువరించెను. వీ ఐ నకు అనుకరణమని మొదలై, తరువాత వీ ఐ సంస్కరణమని పేరు మార్చుకొన్నది. దీనికి వెల లేదు. నచ్చినవారు ఉగాండా దేశమందలి పేదపిల్లల చదువునకు తోచినది పంపుడని ఆతడు కోరెను. 2023లో ఆతడు పరమపదించెను. నేడు ఇతరులు ఆ పనిని నడుపుచున్నారు.

అనుకరణముగా పుట్టినందున తొలి యేర్పాటులలో ఇది చాలకాలము వీ ఐ నే పోలియుండెను. క్రొత్త సౌకర్యములు లోపల నుండియు నిదురించుచుండెను; ఎఱిగినవాడు లేపుకొనవలెను. ఒక్క యుదాహరణము చెప్పెదను. లెక్కలు వ్రాయువారు దీనిని వినదగును. కంట్రోల్ మీటతో ‘ఏ’ నొక్కినచో సంఖ్యకు ఒకటి చేరును. 7 అనునది 8 అగును. మఱి రసీదు నంబరు 007 అయినచో? 008 రావలెను గదా. పూర్వపు యేర్పాటున 010 వచ్చెడిది! ముందు సున్న యున్న సంఖ్యను ఎనిమిదింట లెక్కించు పద్ధతిలో చదువుట సీ అను కంప్యూటరు భాషవారి సంప్రదాయము. ఆ పద్ధతిలో ఏడు తరువాత పదియే. సంప్రదాయ మెఱిగినవానికి అది సరి. రసీదులు వ్రాయువానికి రెండు నంబర్లు దొంగలు పోయినట్లు. నా బడిలో నే పిల్లవాడైన నిట్లు వ్రాసియున్నచో గోడకుర్చీ వేయించియుందును.

ఇట్టివానిని వెంటనే మార్పరాదా యందురేమో. పెద్దలారా, మన చెఱువుల సంగతి తలపుడు. తూము తలుపు ఏండ్ల తరబడి ఒక యెత్తున నిలిచియున్నది. అది సరికాదని క్రొత్తగా వచ్చినవాడెవడో నాలుగంగుళములు దించినచో, పాత యెత్తును నమ్మి గట్లు పోసికొన్నవారి పొలములు మునుగును. ఎడిటరునందును అంతే. ఇరువది యేండ్లు వాడినవానికి ఆజ్ఞలు తలలో నుండవు, వ్రేళ్ళలో నుండును. వారు దుష్టులు కారు; వారి నష్టమును నష్టమే. 

అందుచేత మూలెనార్ 2016లో ఎనిమిదవ విమ్ వెలువరించునపుడు ఒక నడిమిదారి త్రొక్కెను. తన సొంత యేర్పాటుల దస్త్రము వ్రాసికొన్నవాడు పాతవాడే యైయుండవలెను, వానిని కదలింపలేదు. అట్టి దస్త్రము లేనివాడు క్రొత్తవాడు. వానికై క్రొత్త తొలి యేర్పాటుల నొక మూటగా గట్టి యిచ్చెను. అరకొర ఆజ్ఞను మూలను చూపుట, వెదకుమాట కొట్టుచుండగనే దొరకిన చోటు చూపుట, వెనుకటి అక్షరమును చెఱుపు మీట ఎల్లెడల పనిచేయుట, రసీదు నంబరు సరిగా పెరుగుట – అన్నియు ఆ మూటలోనివే. పాతవానికి బాధ లేదు, క్రొత్తవానికి వెలుతురు. తెలివైన పని యని ఒప్పుకొనవలెను.

కాని యందొక చిక్కు గలదు. ఇక్కడనే ఉత్సర్గాపవాదములను మఱల పిలువవలెను. క్రొత్తవాడు కొన్నాళ్ళకు ధైర్యము తెచ్చుకొని, వరుసలకు నంబర్లు కనబడవలెనని సొంత దస్త్రమొకటి పెట్టి అందొక్క పంక్తి వ్రాసెననుకొనుడు. ఆ క్షణముననే సొంత దస్త్రము గలవాడయ్యెను గావున, ఆ మూట యంతయు తొలగిపోవును! నంబర్లు వచ్చినవి; మిగిలిన సౌకర్యములు పోయినవి. వాడు తన పంక్తియే చెఱచెనని తలచి విస్తుపోవును. మన శాస్త్రమున ఇట్లుండదు. అపవాదము తన విషయమున మాత్రమే ఉత్సర్గమును అడ్డును. పన్ను పండ్లయినంతమాత్రమున పుస్తకములకు బహువచనము పోదు. ఒక్క విశేషవిధి వచ్చినంతనే సామాన్యవిధు లన్నియు రద్దగు వ్యాకరణమును ఎవరు చదువగలరు? దీనికి పరిహారము లేకపోలేదు: సొంత దస్త్రపు మొదట, ఆ మూటను కూడ తెచ్చుకొమ్మని యొక మాట వ్రాసిన చాలును. సహాయగ్రంథమున స్పష్టముగా నున్నది. అయితే ఆ పుటను వెదకువాడు తనకేమి పోయినదో ముందే యెఱిగినవాడై యుండవలెను.

వివరణము తప్పును కప్పిపుచ్చు వస్త్రముగా మారుట మఱియొకటి. వీ ఐ లో పెద్ద ‘డి’ కొట్టినచో ఉన్నచోటినుండి వరుస చివఱవఱకు తీసివేయును. పెద్ద ‘సీ’ కొట్టిన అంతవఱకే మార్చును. పెద్ద ‘వై’ కొట్టినచో అంతవఱకే నకలు తీయవలెను గదా. కాని వరుసనంతయు తీయును. విమ్ సహాయగ్రంథమే, అట్లు కాక చివఱవఱకు తీయుటయే యుక్తియుక్తమనియు, కాని వీ ఐ తో పొసగదనియు, కావలసినవారు ఇట్లు మార్చుకొనవచ్చుననియు వ్రాసి మార్గము చూపినది. యుక్తమని తానే యొప్పుకొనియు అయుక్తమునే తొలి యేర్పాటుగా నుంచుట! ఒక పుట ఏటేట వేలమందికి క్షమార్పణ చెప్పవలసి వచ్చినపుడు, దిద్దవలసినది పుట కాదు, ఏర్పాటు. 2014లో విమ్ నుండి చీలి యేర్పడిన ‘నియోవిమ్’ వారు 2021లో ఈ ‘వై’ సంగతిని దిద్దిరి. అంతటితో నూరకుండక, విమ్ నకు తమకు గల భేదములన్నిటిని ఒక్కచోట పట్టీవేసి సహాయగ్రంథమున నుంచిరి; పాత అలవాటు కావలసినవాడు ఎట్లు తిరిగి తెచ్చుకొనవలెనో కూడ చెప్పిరి. తూము దించువాడు ఊరిలో దండోరా వేయించుట యిదియే.

‘నానో’ అను మఱియొక ఎడిటరు కలదు. 1999లో పుట్టినది, సాత్త్వికమైనది. రెండవస్థల బెడద లేదు. దానికిని ఒక చెడ్డ యేర్పాటు చాలకాల ముండెను. వరుస పొడవై తెర యంచున కెనిమిది స్థానముల దూరమునకు వచ్చినంతనే, అది దానిని విఱిచి క్రింది వరుసలో పడవేయును. జాబు వ్రాయువానికి అది యుపకారమే. కాని యంత్రమునకు ఏర్పాటుపత్రము వ్రాయువానికి ఒక్కొక్క వరుస ఒక్కొక్క యాజ్ఞ. నడుమ విఱిగిన సగమాజ్ఞ యంత్రమునకు అర్థము కాదు. సీసపద్యపు పాదమును కాగితపు వెడల్పును బట్టి తెగగొట్టి, తెగినచోటనే పాదాంత మని నమ్మిన లేఖకుని పనివంటి దది. ఇందుచేతనే కొన్ని వ్యవస్థల స్థాపనగ్రంథములు, నానోను పిలిచినప్పుడెల్ల వరుస విఱువవలదను గుర్తును చేర్పుడని చెప్పుచుండెడివి. అనగా ప్రతి పాఠకుడును ప్రతిసారియు ఒక దోషమునకు మందు మ్రింగవలెను! 2019లో నాలుగవ నానో వచ్చినపుడు ఆ విఱుపును తొలి యేర్పాటునుండి తీసివేసిరి. కావలసినవాడు అడిగి తెచ్చుకొనును.

వివరణము ఎక్కడ నుండవలె ననుటలో నానో అందఱకును పాఠము చెప్పగలదు. తెర యడుగున రెండు వరుసలలో ముఖ్యమైన యాజ్ఞలు ఎల్లప్పుడు కనబడుచుండును. అయినను అక్కడ కూడ ఒక ముల్లున్నది. కంట్రోల్ మీట యనుటకు బదులు చిన్న గోపురమువంటి గుర్తు వేసిరి. ఎఱుగనివాడు కీబోర్డుమీద ఆ గుర్తునే వెదకి నొక్కును. ఇటీవలి నానోలో ఖాళీగా తెఱచినపుడు వచ్చు స్వాగతవాక్యమునందు, సహాయమునకు కంట్రోల్, జీ అని మీట పేరే విప్పి వ్రాసినారు. ఒక్క మాట, కాని దానికై యొకరు క్రొత్తవాని కన్నులతో తమ తెరను చూచియుండవలెను.

విమ్ సంగతి చూడుడు. అరగంటలో ముగియు అభ్యాసపాఠము దానితోనే వచ్చును. నేను రెండు మార్లు చేసితిని, మా పాతకాలపు మొదటి వాచకమంత చక్కగా నున్నది. సహాయగ్రంథము సమగ్రము. తెఱచినంతనే, వెలుపలికి పోవుట కేమి కొట్టవలెనో చెప్పు తొలిపలుకు గూడ నున్నది. కాని ఆ తొలిపలుకు ఉత్త తెర తెఱచినవానికే కనబడును. ఏదైన దస్త్రము పేరు చెప్పి తెఱచినవానికి కనబడదు. చిక్కుకొనువారిలో పెక్కుమంది ఆ రెండవ తెగవారే. గృహప్రవేశమునకు దారిచీటి ఇంటిలోపల వ్రేలాడగట్టినట్లున్నది. దీనికొక మంచి విరుగుడు తరువాత వచ్చినది. భయపడినవాని చేయి మొదట పోవునది కంట్రోల్, సీ అను మీటలమీదికి. అవి నొక్కినచో ఇప్పుడు విమ్, “వెలుపలికి పోవుటకు ఇట్లు కొట్టుము” అని అడుగున చెప్పును. దిద్దుబాట్లున్నచో వానిని విడిచి పోవు మార్గము చెప్పును. భయము కలిగిన చోటనే అభయము! నేను కరెంటు తీసిననాడు ఆ వాక్యము అడుగున వచ్చియుండవచ్చును. నేను అప్పటికే బల్లక్రింద నుంటిని.

నా సొంత దస్త్రములో నేడు మూడే పంక్తు లున్నవి. మొదటిది ఆ మూటను పోనీయక తెచ్చుకొనుట. రెండవది వరుసలకు నంబర్లు. మూడవది మౌసును ఎడిటరు పట్టుకొనకుండుట. అదియు ఆ మూటలోని యేర్పాటే గాని, అక్షరములు మౌసుతో గుర్తించి వేఱొకచోటికి తీసికొనిపోవుటకు నాకు అడ్డు వచ్చెను. ప్రతి పంక్తికి పైన, ఇది యేల వ్రాసితినో మనుమనికి కాక నాకే చెప్పుకొనుచు ఒక వాక్యము వ్రాసితిని. రెండు చిన్నగీతల కొటేషను గుర్తుతో మొదలైన పంక్తిని విమ్ చదువక విడుచును.

పట్టీ పూర్తియైనది. రైతుల పేర్లు మాత్రము ఇంకను ఇంగ్లీషు అక్షరములలోనే యున్నవి. టెర్మినల్ అక్షరమునకొక గడి చొప్పున తెరను పంచును. మన గుణింతములు, వత్తులు గడులలో ఒదుగవు. లక్ష్మి యని కొట్టినచో చాల టెర్మినల్లలో ‘క్ష్మి’ ముక్కలై యొకచోట, గుడి యొకచోట పడుచున్నది. మా మనుమడు రెండు మూడు టెర్మినల్లు మార్చి చూచుచున్నాడు.